బ్యోమకేశ్ సినిమా వేయబోతున్న మా మేనకోడలికి

అమ్మడూ,

మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ కాలేజీ ఫిల్మ్ క్లబ్‌లో శరదిందు బందోపాధ్యాయ్ బెంగాలీలో రాసిన డిటెక్టివ్ బ్యోమకేశ్ కథల మీద దిబాకర్ బెనర్జీ తీసిన బ్యోమకేశ్ బక్షి సినిమా వేసి, చూసినవాళ్లు ఏమనుకున్నారో రికార్డు చేసి, అరగంట కార్యక్రమం చేస్తావట కదా. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మన ఇంటి పిల్ల కోల్‌కతాలో బెంగాలీలను కూర్చోబెట్టి వాళ్ల బ్యోమకేశ్ గురించి వాళ్లచేతే మాట్లాడిస్తుందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. గర్వంతోపాటు గుబులూ పట్టుకుంది. నీ నోరు నాకు తెలుసు కదా. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపే నువ్వు జవాబు చెప్పేస్తావు.

సినిమా వేయడానికి అనుమతి ముందే తీసుకో. రికార్డు చేస్తున్నామని అందరికీ చెప్పు. మైకు ముందురోజే చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

అసలు సంగతి వేరే ఉంది. మా ఫిల్మ్ సొసైటీలో ఒకసారి 'చిడియాఖానా' వేశాం. 1967లో సత్యజిత్ రాయ్ తీసింది, ఉత్తమ్ కుమార్ బ్యోమకేశ్. చర్చలు మామూలుగా నేనే నడిపేదాన్ని గానీ ఆ రోజు మా కార్యదర్శి నడిపారు. బాగా చదువుకున్న మనిషి, సినిమా అంటే ప్రాణం. సినిమా మొదలయ్యే ముందు లేచి, "ఈ సినిమా రాయ్‌గారికే తృప్తినివ్వలేదు, అది గుర్తుపెట్టుకుని చూడండి" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. రాయ్ ఆ మాట దాచుకోలేదు. కానీ అదే సినిమాకు రాయ్‌కి ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఉత్తమ్ కుమార్‌కి వచ్చిన ఉత్తమ నటుడి అవార్డులోనూ ఈ సినిమా ఉంది. ఆ సగం ఆయన చెప్పలేదు. చెప్పినా తప్పే అయ్యేదనుకో, అప్పుడు అందరూ అవార్డు కళ్లతో చూసేవాళ్లు.

ఏమైందంటే, దీపాలు వెలిగాక లేచిన ప్రతివాళ్లూ ఆయన మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పారు. "అవును, రాయ్ స్థాయిలో లేదు." "అవును, ఆయన మనసు పెట్టి తీసినట్టు లేదు." ఉత్తమ్ కుమార్ జపాన్ మనిషిగా వేషం వేసుకుని వెళ్లే చోట హాలంతా నవ్వింది, నా చెవులతో నేను విన్నాను. చర్చలో ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. నవ్వానని ఒప్పుకుంటే తక్కువైపోతామేమోనన్న బెరుకు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటున్నప్పుడు మా వీధిలో ఉండే ఒక రైలింజను డ్రైవర్‌గారి భార్య నా చెయ్యి పట్టుకుని అంది: "దీదీ, బ్యోమకేశ్ ఇంట్లో పాము ఏమిటి? సత్యవతి ఉన్న ఇల్లు కదా, పాముని పెంచనిస్తుందా?" ఆవిడ కథలన్నీ చదివిన మనిషి. కథల్లో బ్యోమకేశ్ సత్యవతిని పెళ్లి చేసుకుంటాడు, భార్య మీద అలుగుతాడు, బిడ్డ తండ్రవుతాడు. తెర మీద పాము కనపడగానే ఆవిడకు ఆ ఇల్లు చెదిరిపోయింది. ఆ రోజంతటికీ నేను విన్న అసలైన అభిప్రాయం అదొక్కటే, అదీ చెప్పుల దగ్గర.

కార్యదర్శిగారు చెడ్డవారు కారు. తనకు తెలిసింది పంచుకోవాలన్న తొందర. నీలో కూడా అదే తొందర ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. సినిమాకు ముందు నువ్వు ఒక్క ముక్క కూడా అభిప్రాయం చెప్పకు. అయిపోగానే నోటితో మాట్లాడించకు. చిన్న కాగితాలు పంచి, పక్కవాళ్లను చూడకుండా నాలుగు వాక్యాలు రాయమను, బెంగాలీలోనో హిందీలోనో ఎవరి భాషలో వాళ్లు. తర్వాత మైకు ఇవ్వు. మొదట మాట్లాడినవాడు గట్టివాడైతే మిగతావాళ్లు వాడి వెనకే పోతారు. చేతిలో కాగితం ఉంటే వెనక్కి తగ్గడం కష్టం.

"నచ్చిందా?" అని అడగొద్దు. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ ఊపిరి బిగబట్టారు, అవి అడుగు. హంతకుడెవరో ముందే తెలుసా అని మాత్రం తప్పకుండా అడుగు. డిటెక్టివ్ కథకు ఉన్న చిక్కే అది. నువ్వు వేసే సినిమా 'సత్యాన్వేషి', 'అర్థమనర్థం' కథల నుంచి అల్లింది. శరదిందు బాబు కథలో బ్యోమకేశ్ మారుపేరుతో మెస్‌లో, అంటే అద్దె గదుల ఇంట్లో, దిగుతాడు. తర్వాత అతని స్నేహితుడయ్యే అజిత్‌కి, తన గదిలో తను చోటిచ్చిన మనిషెవరో చివరిదాకా తెలియదు. సినిమాలో అజిత్ తన తండ్రి కనపడటం లేదని తనే బ్యోమకేశ్ దగ్గరికొస్తాడు, మాట పడక చెంప పగలగొడతాడు. కథ చదివినవాడు ఏది మారిందా అని చూస్తాడు, చదవనివాడు ఎవరు చంపారా అని చూస్తాడు. ఇద్దరి మాటలూ ఒకే గంపలో పోశావంటే వినేవాళ్లకు ఏమీ అర్థం కాదు. విడివిడిగా వినిపించు.

ఇంకో మాట. బెంగాలీలందరూ దూరదర్శన్ బ్యోమకేశ్‌నే తలుచుకుంటారనుకోకు. 1993లో బసు చటర్జీ సీరియల్ వచ్చినప్పుడు రజిత్ కపూర్ మన ఇంటి మనిషైపోయాడు, నిజమే. మీ నాన్న ఆ టైములో వీధిలోకి కూడా కదిలేవాడు కాదు. కానీ వాళ్లకు ఉత్తమ్ కుమార్ ఉన్నాడు, 2010 నుంచి అబీర్ చటర్జీ ఉన్నాడు, 2013లో రితుపర్ణ ఘోష్ తీసిన సినిమా ఉంది. ఎవరు ఏ బ్యోమకేశ్‌తో పెరిగారో తెలిస్తేనే వాళ్ల కోపం ఎక్కడిదో తెలుస్తుంది. 1943 కలకత్తాలో ఆ గిటార్ల మోత ఏమిటని పెద్దవాళ్లు కచ్చితంగా అంటారు. అననీ. నువ్వు దర్శకుడి తరఫు వకీలువి కావు, వాదనకు దిగకు. నా మటుకు నాకు ఆ ట్రాములు, ఆ మెస్ మెట్లు, యుద్ధకాలపు వీధులు కళ్లలోనే ఉండిపోయాయి, చివర్లో నెత్తురు మాత్రం మోతాదు మించింది. ఇది నీకు చెబుతున్నాను. అక్కడ చెప్పకు.

ఇక నా అసలు భయం. నువ్వు వేసే సినిమాలో బ్యోమకేశ్‌గా వేసిన సుశాంత్ సింగ్ రాజ్‌పుత్. 2015 ఏప్రిల్‌లో సినిమా వచ్చినప్పుడు అతను రజిత్ కపూర్‌కి సాటిరాని కుర్రాడని అన్నవాళ్లే, 2020 జూన్‌లో అతను పోయాక మళ్లీ చూసి ఏడ్చారు. చివర్లో ఇంకో భాగం వస్తుందన్న సూచన ఉంటుంది, ఆ భాగం రాలేదు. అక్కడ ఎవరో ఒకరు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఇంకొకరు ఎవరివల్ల పోయాడంటూ టీవీల్లో విన్నవన్నీ మొదలుపెడతారు. కన్నీళ్లను ఆపకు, ఆ రెండో మాటను మాత్రం అక్కడికక్కడే ఆపు. పోయినవాడి గురించి హాల్లో తగువు పెట్టనిచ్చావంటే నేను ఊరుకోను. 2015లోనే చూసినవాళ్లు ఎవరో అడిగి, అప్పుడేమనుకున్నారో, ఇప్పుడేమనిపిస్తోందో రెండూ చెప్పించు. నీ కార్యక్రమానికి ప్రాణం అక్కడే ఉంటుందని నా మనసు చెబుతోంది.

కోయకముందు మొత్తం రికార్డు నాకు పంపు. నీకు నచ్చనివి ముందే తీసేస్తావేమోనని అనుమానం. ఆ రోజు ఆలస్యమైతే ఒక్కదానివే రాత్రి లోకల్ ఎక్కకు, హాస్టల్లోనే ఉండి తెల్లారి రా. పొద్దున నాలుగు మెతుకులు తిని మరీ హాలుకి వెళ్లు, ఆకలేస్తే నీకు కోపం ముందొస్తుంది.

మీ అత్త