92 దగ్గరే ఆగిపోయిన గోల్ఫ్ స్కోరు గురించి ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆరు గోల్ఫ్ స్కోరు కార్డులూ ముందేసుకుని రాస్తున్నాను. 91, 94, 92, 90, 95, 92. స్వింగ్ (క్లబ్ ఊపే తీరు) మార్చుకోవాలా, కొత్త డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) కొనాలా అని అడిగావు. ప్రస్తుతానికి రెండూ వద్దు. పార్ (పట్టాల్సిన దెబ్బల లెక్క) 72 ఉన్న కోర్సులో 18 హోళ్లకీ బోగీలే, అంటే పార్ కంటే ఒక్కో దెబ్బ ఎక్కువే, వేసినా 90 వస్తుంది. నీ కార్డుల్లో పార్‌లు బాగానే ఉన్నాయి, రెండుచోట్ల బర్డీ, అంటే పార్ కంటే ఒకటి తక్కువ, కూడా ఉంది. అయినా 92 తేలిందంటే, పార్‌ల మీద మిగిల్చిందంతా మూడు నాలుగు హోళ్లలో పడ్డ 7లూ 8లూ మింగేస్తున్నాయన్నమాట. నీ లెవెల్లో ఆడేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

నాలుగో కార్డులో ఏడో హోల్ చూడు. పార్ 4, 390 గజాలు, నువ్వు వేసింది 8. పక్కన నువ్వు రాసుకున్న గుర్తుల ప్రకారం డ్రైవ్, అంటే మొదటి దెబ్బ, 200 గజాలు వెళ్లి కుడివైపు చెట్లలో పడింది. అంతవరకు ఎవరికైనా జరిగేదే. జెండా ఇంకా 190 గజాలుంది, రెండు మానుల మధ్య సందు కనబడింది. 4 ఐరన్‌తో (ఐరన్ అంకె పెరిగేకొద్దీ బంతి వెళ్లే దూరం తగ్గుతుంది) ఆ సందులోంచి కొట్టబోతే బంతి మానుకి తగిలి ఇంకా లోపలికి పోయింది. మూడో దెబ్బకి బయటపడింది గానీ రఫ్‌లోకి, అంటే పొడుగు గడ్డిలోకి. పోయిందంతా ఒక్క దెబ్బతో రాబట్టాలని 185 గజాల నుంచి, అదీ రఫ్‌లోంచి, దూరం కొట్టే పెద్ద క్లబ్, 3 వుడ్ తీశావు. క్లబ్ బంతి నెత్తిన తగిలి అది 80 గజాలు దొర్లింది. అయిదోది బంకర్‌లోకి (ఇసుక గుంట), ఆరోది హోల్ చుట్టూ ఉండే నున్నటి గ్రీన్ మీదికి, ఆపైన రెండు పుట్‌లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు).

అదే డ్రైవ్, అవే చెట్లు. రెండో షాట్ 7 ఐరన్‌తో సగం ఊపు, బంతిని నేలబారుగా పక్కకి, గడ్డి పొట్టిగా కోసిన ఫెయిర్‌వే మీదికి. ఇక 180 గజాలు. నీ 5 ఐరన్ 155 వెళ్తుంది కాబట్టి మూడోది గ్రీన్‌కి పాతిక గజాల ముందు ఆగుతుంది. నాలుగోది చిప్, అంటే గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న దెబ్బ. రెండు పుట్‌లు పడితే 6, ఒక్కటే పడితే 5. నీ స్వింగ్‌లో వెంట్రుకవాసి మార్పు లేకుండా కనీసం రెండు స్ట్రోకులు మిగిలాయి. చెట్లలో ఉన్నప్పుడు నీకు నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడి నుంచి పది బంతులు కొడితే తొమ్మిది ఆ సందు దాటుతాయా? దాటవనిపిస్తే పక్కకి ఆడు. మొదటి తప్పుకి పోయేది ఒకటే స్ట్రోకు. దాన్ని తిరిగి తెచ్చుకోవాలని నేల విడిచి సాము చేసినప్పుడే 5 కాస్తా 8 అవుతుంది.

ఈ సందర్భంలోనే రూల్స్ గురించి చెప్పాలి. రూల్స్ పుస్తకం శిక్షలు వేయడానికే ఉందనుకుంటారు చాలామంది. నిజానికి అది చాలాచోట్ల నిన్ను గట్టెక్కిస్తుంది. బంతి పొదలో ఇరుక్కుంటే అన్‌ప్లేయబుల్ అని ప్రకటించి, ఒక్క పెనాల్టీ స్ట్రోకుతో, హోల్‌కి దగ్గర కాకుండా రెండు క్లబ్ పొడవుల లోపు డ్రాప్ చేసుకోవచ్చు. పొదలోనే రెండుసార్లు కొట్టి బయటపడనివాడికి పోయేది అంతకంటే ఎక్కువే. ఎర్ర గుర్తులు పెట్టిన పెనాల్టీ ఏరియాలో (నీళ్లలాంటి చోట్లు) పడినా ఒక్క స్ట్రోకే, బంతి గీత దాటిన చోటు నుంచి అవే రెండు క్లబ్ పొడవులు. అన్నిటికంటే ఖరీదైనది హద్దు దాటిన బంతి, దొరకని బంతి. మళ్లీ హోల్ మొదలుపెట్టిన టీ దగ్గరికే వెళ్లాలి, అక్కడ కొట్టేది మూడో షాట్. 2019 నుంచి వెతకడానికి ఇచ్చే సమయం 3 నిమిషాలే. అందుకే అనుమానం వస్తే వెతకడానికి బయల్దేరక ముందే ‘ప్రొవిజనల్’ (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టు. ఆ మాట అనకుండా కొడితే ఆ రెండో బంతే ఆటలోకొస్తుంది, మొదటిది దొరికినా పనికిరాదు.

ఇక క్లబ్ ఎంపిక. 7 ఐరన్ ఎంత వెళ్తుందని అడిగితే 150 గజాలని రాశావు. అది నీ జీవితంలో బాగా తగిలిన దెబ్బ దూరం. రేంజ్‌లో (సాధన మైదానం) పది బంతులు కొట్టి, దొర్లినదంతా వదిలేసి, గాల్లో వెళ్లి నేలని తాకిన దూరం మాత్రమే రాసుకో. ఇంచుమించు ఇలా వస్తాయి: 152, 149, 144, 141, 140, 138, 136, 133, 128, ఒకటి సరిగా తగలక 95. మధ్యలో ఉన్నవి 140, 138. అదే నీ 7 ఐరన్. ఇప్పుడు గ్రీన్ ముందంచు 140, జెండా 150, వెనకంచు 165 అనుకో. 150 అని నమ్మి 7 ఐరన్ తీస్తే పది బంతుల్లో అయిదు గ్రీన్‌కే చేరవు. 6 ఐరన్ తీస్తే బాగా తగిలినా వెనకంచు దాటదు, ఓ మోస్తరుగా తగిలినా గ్రీన్ మీదే ఉంటుంది. పైగా కోర్సు కట్టేవాళ్లు బంకర్లూ నీళ్లూ ఎక్కువగా గ్రీన్ ముందే పెడతారు. అమెచ్యూర్లు గ్రీన్‌కి గురిపెట్టి కొట్టే అప్రోచ్ షాట్లు ఎక్కువగా పొట్టిగానే పడతాయి కాబట్టి ఆ కష్టాలన్నీ వాళ్ల వాటాకే వస్తాయి. ఎదురుగాలి దూరాన్ని ఎంత తగ్గిస్తుందో, వెనకగాలి అంత పెంచదు. అదీ గుర్తుంచుకుని ఎదురుగాలిలో ఒక క్లబ్ పెద్దది తీసి మెల్లగా ఊపు.

ప్రతి క్లబ్‌కీ ఈ పది బంతుల లెక్క రాసి ఓ చీటీ బ్యాగులో పెట్టుకో. అది చేతిలో ఉంటే రెండు గొప్ప ఉపకారాలు. ఒకటి, క్లబ్‌ల మధ్య ఖాళీలు బయటపడతాయి. ఇప్పటి సెట్లలో దగ్గరి దెబ్బలకి వాడే పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ (క్లబ్ ముఖం వాలు) 44, 45 డిగ్రీలకి వచ్చేసింది, సాండ్ వెడ్జ్ 56. మధ్యలో 11, 12 డిగ్రీల గొయ్యి. 85 నుంచి 105 గజాల మధ్య నీకు సరైన క్లబ్బే లేకపోవడానికి కారణం అదే. 14 క్లబ్‌ల పరిమితిలో ఎప్పుడూ కొట్టలేని 3 ఐరన్ తీసేసి 50 డిగ్రీల వెడ్జ్ పెట్టు. రెండోది, ఏ టీ నుంచి ఆడాలో తెలుస్తుంది. 5 ఐరన్ దూరాన్ని 36తో హెచ్చిస్తే నీకు తగిన కోర్సు పొడవు వస్తుంది. 155కి అది 5,580 గజాలు. నువ్వు ఆడుతున్నది 6,500 గజాల టీ. ప్రతి పార్ 4కీ రెండో షాట్ వుడ్‌తో కొట్టేవాడు ఆట నేర్చుకునేది ఎప్పుడు? ముందు టీలకి రావడంలో నామోషీ ఏమీ లేదు.

టీ మీద డ్రైవర్ మానేసి అన్ని హోళ్లలో ఐరన్‌తో కొట్టమని కొందరు చెబుతారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఊరికే 40 గజాలు వదులుకుంటే రెండో షాట్ కష్టమవుతుంది, ఐరన్ కూడా వంకర పోకుండా ఉండదు. చూడాల్సింది నీ బంతులు ఎంత వెడల్పులో పడుతున్నాయన్నది. రేంజ్‌లో ఒకే గురికి 20 డ్రైవ్‌లు కొట్టు, ఎడమ చివర పడ్డదానికీ కుడి చివర పడ్డదానికీ మధ్య దూరం చూడు. 70 గజాలున్నా కంగారుపడకు, నీ ఆటకి అది మామూలే. ఆ 70 గజాల పరుపుని హోల్ మీద పరిచి చూడు. ఎడమ పక్క నీళ్లుంటే, పరుపు ఎడమ అంచు నీటిని తాకకుండా గురి మొత్తాన్ని కుడికి జరుపు, రఫ్‌లో పడ్డా సరే. రెండు పక్కలా పెనాల్టీ ఉండి పరుపు ఎటూ పట్టకపోతేనే చిన్న క్లబ్.

గ్రీన్‌కి గురిపెట్టేటప్పుడూ ఇదే పద్ధతి. జెండా అంచున ఉంటే దానికేసి చూడకు, గ్రీన్ మధ్యకి కొట్టు. ప్రపంచంలో అత్యుత్తమ ప్రొఫెషనల్సే 8 అడుగుల పుట్‌లని సగమే వేయగలుగుతారు, 20 అడుగులవి నూటికి 15. జెండా పక్కకి కొట్టి బంకర్‌లో పడేకంటే మధ్యలో పడి రెండు పుట్‌లతో పార్ తీసుకోవడం ఎంతో నయం.

స్వింగ్‌లో ఒక్కటే దిద్దుకో: క్లబ్ నేలని ఎక్కడ తాకుతోందన్నది. బంతి కంటే ముందు నేల తగిలితే దూరం పోతుంది, భయపడి పైకి లేస్తే బంతి నెత్తి మీద తగులుతుంది. రెండింటికీ మూలం ఒకటే. బంతిని పైకి లేపాలని బరువంతా వెనక కాలి మీద ఉంచేస్తున్నావు. లేపడం క్లబ్ ముఖానికున్న వాలు చూసుకుంటుంది, నీ పని కిందికి కొట్టడం. నేల మీద సుద్దతో అడ్డగీత గీసి, బంతి లేకుండా 8 ఐరన్‌తో 20 ఊపులు ఊపు. క్లబ్ మట్టి లేపడం గీత మీదో, గీతకి లక్ష్యం వైపో మొదలవాలి. వెనక మొదలైతే ఊపు ముగిసేసరికి బెల్టు బకిల్ లక్ష్యం వైపు తిరిగి, బరువు ముందు కాలి మీద ఉందో లేదో చూసుకో. 20లో 15 సరిగా వచ్చాకే బంతి పెట్టు.

చిప్ విషయంలో నీ తప్పు ప్రతిచోటా 60 డిగ్రీల వెడ్జ్ తీయడం. అంత ఎత్తున లేపాలంటే ఊపు పెద్దదవ్వాలి, పెద్ద ఊపులో చిన్న పొరపాటైనా పెద్దదవుతుంది. సమతలమైన, ఓ మాదిరి వేగమున్న గ్రీన్ మీద సాండ్ వెడ్జ్‌తో బంతి ఎంత గాల్లో వెళ్తే అంత దొర్లుతుంది. పిచింగ్ వెడ్జ్‌కి రెండింతలు, 9 ఐరన్‌కి మూడింతలు, 8 ఐరన్‌కి నాలుగింతలు. గ్రీన్ అంచు 3 అడుగులుండి, అక్కడి నుంచి హోల్ 12 అడుగులుంటే మొత్తం 15. 8 ఐరన్ తీసి 3 అడుగులు గాల్లో పంపితే, మిగతా 12 దొర్లుతుంది. బంతి సరిగ్గా అంచు మీదే పడుతుందన్న అనుమానముంటే 9 ఐరన్ తీసుకుని 4 అడుగులకి కాస్త తక్కువగా, గ్రీన్ లోపల పడేలా కొట్టు. ఊపు పుట్ ఊపులాగే ఉండాలి, మణికట్లు కదలకూడదు.

బంకర్‌లో క్లబ్ ముఖాన్ని ముందు తెరిచి, ఆ తర్వాత పట్టు పట్టుకో. పట్టుకున్నాక చేతులు తిప్పి తెరిస్తే దెబ్బ తగిలే వేళకి మళ్లీ మూసుకుపోతుంది. బంతి ముందు కాలి మడమకి ఎదురుగా. బంతికి రెండు అంగుళాల వెనక ఇసుకని కొట్టి, ఊపు ఆపకుండా చివరిదాకా వెళ్లు. ముఖం తెరిచి ఉంటే క్లబ్ అడుగు ఇసుక మీద జారుతుంది, మూసి ఉంటే అంచు దిగబడి బంతి అక్కడే ఉండిపోతుంది. ఆడే ముందు బంతి ముందూ వెనకా ఇసుకని క్లబ్‌తో తాకకు, అది రెండు స్ట్రోకుల పెనాల్టీ. ఆకులూ రాళ్లూ మాత్రం తీసేయొచ్చు.

పుటింగ్‌లో అందరూ బంతి వెళ్లాల్సిన దారి మీద తలబద్దలు కొట్టుకుంటారు గానీ మూడు పుట్‌లకి కారణం దాదాపు ఎప్పుడూ వేగమే. 40 అడుగుల పుట్‌కి దిశ అడుగున్నర తప్పడం అరుదు, దూరం ఆరడుగులు తప్పడం మామూలు. రౌండ్‌కి ముందు పదిహేను నిమిషాలుంటే పది నిమిషాలు 20, 30, 40 అడుగులకి ఒక్కో బంతి కొట్టు, వెంటనే దూరం మార్చు. హోల్ తప్పిన బంతి అడుగు నుంచి అడుగున్నర దాటి ఆగితే వేగం సరిపోయినట్టు. మిగతా అయిదు నిమిషాలూ 3 అడుగుల పుట్‌లు, హోల్ చుట్టూ నాలుగు వైపుల నుంచీ.

ఒకే క్లబ్‌తో వంద బంతులు కొట్టేయడం సాధన కాదు. అరవై తీసుకో. ఇరవై పైన చెప్పిన సుద్దగీత పద్ధతికి, ఇరవై ప్రతి బంతికీ క్లబ్బూ గురీ మారుస్తూ, ఇరవై 30 నుంచి 50 గజాల పిచ్‌లకి (గాల్లోకి లేపి గ్రీన్‌కి పంపే చిన్న దెబ్బలు). కోర్సులో ఒకే గురికి రెండోసారి కొట్టే అవకాశం రాదు కదా.

హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) చూసి నిరాశపడుతున్నట్టు రాశావు. 2020 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ పద్ధతిలో చివరి 20 స్కోర్లలో మంచివి 8 మాత్రమే లెక్కకొస్తాయి. అంటే అది నీ మంచిరోజుల సంఖ్య. మామూలు రోజున దానికంటే ఎక్కువ కొట్టడం సహజం, ఆ కోపంతో తర్వాతి టీ మీద బంతిని బాదకు.

వచ్చే అయిదు రౌండ్లకి కార్డు కింద నాలుగు గడులు గీసుకో. పెనాల్టీ స్ట్రోకులు ఎన్ని. చెట్లలోంచో బంకర్‌లోంచో ఒక్క దెబ్బకి బయటపడనివి ఎన్ని. 50 గజాల లోపు నుంచి గ్రీన్ మీదికి రావడానికి రెండో దెబ్బ పట్టినవి ఎన్ని. మూడు పుట్‌లు ఎన్ని. గడుల్లో ఏ అంకె పెద్దదైతే ఆ వారం సాధనలో సగం సమయం దానికే ఇవ్వు. అయిదు కార్డులూ పూర్తయ్యాక నాకు పంపు. 50 డిగ్రీల వెడ్జ్ కొనేముందు నీ పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఎంతో కొలిపించి అది కూడా రాయి.

ఆశీస్సులతో,
మామయ్య