ఫోన్ మారుద్దామంటే కాళ్లు ఎందుకు లాగుతున్నాయి?

ప్రశ్న: సార్, మేం బెంగళూరులో మారతహళ్లిలో ఉంటాం. 2019లో కొన్న ఐఫోనే ఇప్పటికీ వాడ్తున్నా, బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోంది. మావారేమో ఆండ్రాయిడ్ తీస్కో, సగం డబ్బులు మిగుల్తాయి అంటారు, నిజమే. కానీ షాపుకెళ్లిన ప్రతిసారీ వాట్సాప్ పోతుందేమో, పాప ఫోటోలు పోతాయేమో అని భయమేసి వచ్చేస్తున్నా. చేతికి యాపిల్ వాచ్ కూడా ఉంది. ఒంగోల్లో అమ్మకి మావాళ్ల పాత ఐఫోనే ఇచ్చాం, ఆవిడకి ఫేస్‌టైమ్ తప్ప ఇంకేం రాదు. నాది ఉత్త భయమేనా, లేక కంపెనీవాళ్లే ఇలా కట్టేశారా?

జవాబు: రెండూనండి. కట్టేయడం మాత్రం కావాలనే చేశారు, ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ వాళ్లు యాపిల్ మీద వేసిన కేసు 2021లో విచారణకొచ్చినప్పుడు కంపెనీ పెద్దల పాత మెయిల్స్ బయటపడ్డాయి, ఐఫోన్లలో మాత్రమే ఉండే మెసేజ్ సర్వీస్ ఐమెసేజ్‌ని ఆండ్రాయిడ్‌కి కూడా ఇచ్చేస్తే ఐఫోన్లున్న ఇళ్లల్లో పిల్లలకి ఆండ్రాయిడ్ కొనివ్వడానికి ఉన్న అడ్డు పోతుంది అని యాపిల్ సాఫ్ట్‌వేర్ విభాగం పెద్ద క్రెయిగ్ ఫెడరీగీ 2013లోనే రాశాడు. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం యాపిల్ మీద వేసిన కేసులో కూడా జనాన్ని పక్కకి పోనివ్వట్లేదన్నదే పెద్ద ఆరోపణ.

అయితే ఐమెసేజ్ గోల అమెరికావాళ్లది. మనకి అపార్ట్‌మెంట్ గ్రూపు, స్కూల్ గ్రూపు, ఎప్పుడో అయిపోయిన పెళ్లి గ్రూపు అన్నీ వాట్సాప్‌లోనే కదా, అది రెండు ఫోన్లలోనూ ఉంది. నంబర్ అదే కాబట్టి గ్రూపులు వాటంతటవే వచ్చేస్తాయి. చిక్కల్లా పాత చాట్లతోనే, ఐఫోన్ బ్యాకప్ ఐక్లౌడ్‌లో ఉంటుంది, ఆండ్రాయిడ్‌ది గూగుల్ ఖాతాలో, ఒకదాన్ని ఇంకోటి చదవలేదు. అందుకని 2021 నుంచి కేబుల్ పెట్టి మార్చుకునే పద్ధతి ఇచ్చారు, ముందు శాంసంగ్‌కి, తర్వాత మిగతావాటికి. మీ ఫోన్‌కి ఒకవైపు లైట్నింగ్ (మీ ఐఫోన్ చార్జర్ పిన్ను), ఇంకోవైపు సీ టైప్ ఉన్న కేబుల్ కావాలి, ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. కాకపోతే ఈ పని కొత్త ఫోన్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడే చెయ్యాలి, ముందు నాలుగు రోజులు వాడి చూద్దాం అనుకుంటే మళ్లీ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఫోన్లో ఉన్నదంతా చెరిపేయాల్సిందే.

ఫోటోలు ఐక్లౌడ్‌లో ఉంటే యాపిల్ ప్రైవసీ పేజీలోకి వెళ్లి గూగుల్ ఫోటోస్‌కి కాపీ పంపమని అడగొచ్చు. కొన్ని రోజులు పడుతుంది, అక్కడివి డిలీట్ అవ్వవు. గూగుల్ ఫ్రీగా ఇచ్చేది 15 జీబీనే, 2021 జూన్ నుంచి అన్‌లిమిటెడ్ లేదు, పాప ఫోటోలకి అది చాలదు, నెలనెలా కట్టుకోవాలి.

యూపీఐ అయితే సిమ్ వేసి మళ్లీ రిజిస్టర్ చేస్కోవాలి, అప్పుడు ఒక ఎస్సెమ్మెస్ మన ఫోన్ నుంచే పోతుంది కాబట్టి సిమ్‌లో బ్యాలెన్స్ చూస్కోండి, మొదట్లో పెద్ద మొత్తాలు పోవు కూడా. అద్దె కట్టే ఒకటో తారీఖున మాత్రం ఈ పని పెట్టుకోకండి బాబూ! ఇంకోటి, సిమ్ తీసే ముందు పాత ఫోన్లో ఐమెసేజ్ ఆఫ్ చెయ్యండి, లేకపోతే ఐఫోన్ ఉన్నవాళ్లు పంపే మెసేజులు మీదాకా రావు. ఈ గోల భరించలేకే 2014లో యాపిల్ ఐమెసేజ్ నుంచి మన నంబర్ తీసేసుకోడానికి వేరే పేజీ పెట్టింది.

ఇక వాచ్. దానికి నా దగ్గర మందు లేదు. యాపిల్ వాచ్ ఆండ్రాయిడ్‌తో పనిచెయ్యదు, అమ్మేయడమో ఇంట్లో ఐఫోన్ ఉన్నవాళ్లకి ఇచ్చేయడమో. యాపిల్‌నే తిట్టక్కర్లేదు లెండి, శాంసంగ్ కూడా 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4 నుంచి ఐఫోన్‌కి కనెక్ట్ అవ్వకుండా చేసింది. 2011 జనవరి నుంచి దేశమంతా నంబర్ పోర్టబిలిటీ ఉంది, సిమ్ కంపెనీ నచ్చకపోతే నంబర్‌తో సహా వెళ్లిపోతున్నాం, ఫోన్ చుట్టూ కొనుక్కున్న సామానుకి మాత్రం అలాంటి రూల్ రాలేదు.

అన్నిటికన్నా మిమ్మల్ని పట్టుకున్నది మీ అమ్మగారే అని నాకనిపిస్తోంది. 2021 నుంచి ఫేస్‌టైమ్ లింకుతో ఆండ్రాయిడ్‌వాళ్లు కూడా బ్రౌజర్లో చేరొచ్చు, కానీ ఆ లింకు ఆవిడ తయారుచేసి పంపాలి, అయ్యే పనేనా? కాబట్టి కొత్త ఫోన్ కొనకముందే ఆవిడ ఫోన్లో వాట్సాప్ ముందు వరసలో పెట్టించి ఒక నెలపాటు దాంట్లోనే వీడియో కాల్ చెయ్యండి. అలవాటైతే కొనండి. అవ్వకపోతే, అసలు మీ సమస్య బ్యాటరీ ఒక్కటే కదా, అదే మార్పించండి, మీది ఐఫోన్ 11 అయితే ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 కూడా వస్తుంది, ఎక్స్‌ఆర్ అయితే రాదు.

ప్రశ్న: నేను బీటీఎం లేఅవుట్లో పీజీలో ఉంటా అన్నా, ఆఫీసులో అందరి దగ్గరా ఐఫోనే, నేనూ ఆండ్రాయిడ్ నుంచి మారదామనుకుంటున్నా. ఏమైనా నష్టపోతానా?

జవాబు: డబ్బులు పెట్టి కొన్న యాప్స్ మళ్లీ కొనాలి తమ్ముడూ, మిగతావాటికి యాపిల్ వాళ్లదే మూవ్ టు ఐఓఎస్ అనే యాప్ ఉంది, వాట్సాప్ చాట్లు కూడా 2022 నుంచి దాంతోనే వస్తున్నాయి. కాల్ రికార్డింగ్ ఐఓఎస్ 18.1 నుంచి ఉంది గానీ, రికార్డ్ అవుతోందని అవతలివాళ్లకి వినిపిస్తుంది. ఈఎంఐ మీద అయితే మాత్రం అందరి దగ్గరా ఉందని కొనకు.