పొరుగు దేశంలో దుకాణాలు తెరవబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. మీ సంస్థ పొరుగు దేశంలో దుకాణాలు తెరవబోతున్నదనీ, ఆ బాధ్యత మొత్తం నీ చేతుల్లో పెట్టారనీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషించానో మాటల్లో పెట్టలేను. అయితే చివర్లో వాడు, ‘ఆ దేశం కూడా ఇలాంటిదేనట అన్నయ్యా, పెద్ద తేడాలేమీ ఉండవట’ అన్నాడు. ఆ మాట నీదేనని కూడా చెప్పాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బతుకంతా రిటైల్‌లోనే గడిపినవాడిగా నీకు చెప్పవలసింది నాకు ఉన్నది ఒక్కటే: మనకు పరాయిగా కనిపించే దేశంలో జాగ్రత్త దానంతట అదే వస్తుంది, మనలాంటిదేననుకున్న దేశంలోనే సంస్థలు మునిగిపోతాయి.

నీకు తెలిసిన సంగతులను ఎక్కువసేపు చెప్పను. న్యాయవాదినీ, పన్నుల సలహాదారునూ అక్కడివారినే నియమించుకో. ట్రేడ్‌మార్కును బోర్డు కట్టడానికి ముందే నమోదు చేయించు. విదేశీ పెట్టుబడి నిబంధనలను సారాంశంలో కాక మూలంలో చదువు, ఎందుకంటే అసలు మెలికలన్నీ షరతుల్లో ఉంటాయి. భారతదేశం 2012లో బహుళ బ్రాండ్ల రిటైల్‌లో, అంటే అనేక కంపెనీల సరుకును ఒకే చోట అమ్మే దుకాణాల్లో, 51 శాతం వరకు విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు, తమ ప్రాంతంలో దుకాణం తెరవనివ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని రాష్ట్రాలకే వదిలిపెట్టింది. కేంద్రం అనుమతి ఒక్కటి చూసుకొని లెక్కలు వేసుకున్నవాళ్లకు రాష్ట్రాల దగ్గర దారి మూసుకుపోయింది.

ఇక టార్గెట్ అనే అమెరికా దుకాణాల సంస్థ కెనడాలో చేసిన పొరపాటును నీకు వివరంగా చెప్పాలి. అమెరికాలో అంత పేరున్న సంస్థకు కెనడా కంటే దగ్గరి దేశం మరొకటి ఉంటుందా? కెనడాలో అత్యధికులు మాట్లాడేది ఇంగ్లీషే, చూసేవి అవే టెలివిజన్ కార్యక్రమాలు, పైగా వేలాది కెనడియన్లు సరిహద్దు దాటి వెళ్లి అప్పటికే టార్గెట్‌లో కొనుగోళ్లు చేస్తూ ఉండేవారు. ఆ ధీమాతో 2011 జనవరిలో జెల్లర్స్ అనే పాత దుకాణాల లీజులను 182.5 కోట్ల కెనడా డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్నారు. లీజులు చేతికి వచ్చాక అద్దె భారం మొదలవుతుంది, అద్దె మొదలయ్యాక దుకాణం తెరవకుండా ఖాళీగా ఉంచడం ఎవరికీ ఇష్టం ఉండదు. అలా తొందర పుట్టింది. 2013 మార్చిలో మొదటి దుకాణాలు తెరిచి, ఆ సంవత్సరం ముగిసేలోగా 124కు చేరారు. ఒక్క దుకాణాన్ని ఏడాదిపాటు నడిపి నేర్చుకునే వ్యవధి వాళ్లు తమకు తాము ఇచ్చుకోలేదు.

నష్టం ఎక్కడి నుంచి వచ్చిందో గమనించు. కెనడాలో డాలరు వేరు, కొలతలు మెట్రిక్ పద్ధతిలో ఉంటాయి, సరుకు మీద వివరాలు ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచిలోనూ ఉండాలి. వీటి కోసం కొత్త కంప్యూటర్ వ్యవస్థను పెట్టి, వేల సరుకుల వివరాలను హడావుడిగా అందులోకి ఎక్కించారు. సెంటీమీటర్లు ఉండవలసిన చోట అంగుళాలు పడ్డాయి, పొడవు ఉండవలసిన చోట వెడల్పు పడింది. పెట్టె కొలత తప్పితే ఏమవుతుందో గోదాములో నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. లారీలో ఎన్ని పెట్టెలు పడతాయన్న లెక్క తప్పుతుంది, అల్మారాలో ఎన్ని పడతాయన్నది తప్పుతుంది, మళ్లీ ఎప్పుడు ఆర్డరు పెట్టాలన్నదీ తప్పుతుంది. గోదాములు సరుకుతో కిక్కిరిసిపోతుంటే దుకాణాల్లో అరలు ఖాళీగా ఉండేవి. ఆ అరల ముందు నిలబడిన కొనుగోలుదారు సరిహద్దుకు అవతల అదే సంస్థ దుకాణాన్ని చూసివచ్చినవాడు. అక్కడి ధర అతనికి గుర్తుంది, ఇక్కడి ధర ఎక్కువగా కనిపిస్తున్నది. దిగుమతి సుంకాలు, రవాణా, చిన్న మార్కెట్ వంటి కారణాలు మనకు అర్థమవుతాయి గాని అతనికెందుకు? టార్గెట్ బలమనుకున్న పరిచయమే దాని మెడకు చుట్టుకున్నది. 2015 జనవరి 15న మొత్తం 133 దుకాణాలను మూసివేస్తున్నట్లు ప్రకటించారు. దాదాపు 17,600 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లకు కనీసం 16 వారాల వేతనం అందేలా 7 కోట్ల కెనడా డాలర్ల నిధిని ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటును నేను గౌరవిస్తాను, అయినా ఆ ఉద్యోగుల సంఖ్యను ఎప్పుడు తలుచుకున్నా నా ఛాతీ బరువెక్కుతుంది.

నా ఉద్యోగ కాలంలో ఇంతకంటే చాలా చిన్నదొకటి చూశాను. సంస్థ పేరు చెప్పను. మరో దేశానికి పంపిన సరుకు రేవులో ఆగిపోయింది. పెట్టెల మీద ఆ దేశపు చట్టం కోరిన వివరాలు ఆ దేశపు భాషలో లేవు. అప్పటికప్పుడు చీటీలు అచ్చువేయించి, రోజుకూలీలను పెట్టి, గోదాము నేల మీద కూర్చోబెట్టి ఒక్కొక్క డబ్బాకు అతికించారు. సరుకు విడుదలై దుకాణాలకు చేరాక కౌంటరు దగ్గర యంత్రాలు ఒక్క డబ్బానూ చదవలేకపోయాయి. చీటీలను బార్‌కోడ్ మీదే అతికించారు! జనం బారులు తీరి ఉండగా, కౌంటరులోని అమ్మాయి గోటితో చీటీని ఒక మూల నుంచి లేపుతూ, అది చిరిగిపోతే కింది అంకెలను చేత్తో కొడుతూ ఉన్నది. కేంద్ర కార్యాలయంలో ‘లేబుల్ సమస్య’ అని రెండు మాటల్లో రాసుకున్నది ఆ పిల్ల చేతివేళ్ల దగ్గర రోజంతా నడిచింది. నువ్వు వారానికి ఒక్క పూటయినా కౌంటరు పక్కన నిలబడు తల్లీ. నివేదికల్లోకి రాని సంగతులు అక్కడ కనిపిస్తాయి.

సంస్కృతి అనగానే మీ తరం పండగలు, రంగులు, ప్రకటనల్లో బొమ్మలు అనుకుంటుంది. అవీ ముఖ్యమే. సౌదీ అరేబియాకు పంపిన కేటలాగులో ఆడవాళ్ల బొమ్మలను తీసివేసినందుకు ఐకియా అనే ఫర్నిచర్ దుకాణాల సంస్థ 2012లో స్వదేశమైన స్వీడన్‌లో విమర్శలపాలై విచారం వ్యక్తం చేయవలసి వచ్చింది. ఒక దేశాన్ని మెప్పించబోయి చేసిన పని మరో దేశంలో తలవంపులు తెచ్చింది. అయితే అంతకంటే లోతైనవి జనం పనులు చేసుకునే తీరులో ఉంటాయి. హోమ్ డిపో అనే అమెరికా సంస్థ 2006లో చైనాకు వెళ్లింది. ఇంటి మరమ్మతులు స్వయంగా చేసుకునేవారికి సామాను అమ్మడం దాని వ్యాపారం. చైనా నగరాల్లో ఇళ్ల కొనుగోళ్లు జోరుగా సాగుతుండగా గిరాకీకి లోటేమిటని అనుకున్నారు. గోడకు రంగు వేయడానికీ, పలకలు పరచడానికీ పనివాళ్లు చవకగా దొరికే చోట ఇంటి యజమాని రంపం కొని ఏం చేసుకుంటాడు? 2012లో మిగిలిన ఏడు పెద్ద దుకాణాలనూ మూసివేశారు. జర్మనీలో వాల్‌మార్ట్ కథ నువ్వు చదివే ఉంటావు. తలుపు దగ్గర పలకరింపులూ, సిబ్బంది చేసే నినాదాలూ అక్కడివారికి నచ్చలేదని అందరూ చెబుతారు. నన్నడిగితే అంతకంటే గట్టి దెబ్బ వేరే ఉన్నది. కొన్న ధర కంటే తక్కువకు కొన్ని నిత్యావసరాలను అమ్ముతున్నదని 2000లో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ అడ్డుపడింది, అప్పటికే చవకగా అమ్మడంలో ఆరితేరిన ఆల్డీ వంటి సంస్థలు పక్కనే ఉన్నాయి. నీ బలమేదో అది అక్కడ అప్పటికే మరొకరి దగ్గర ఉందా, దాన్ని వాడుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది ముందు చూడాలి. వాల్‌మార్ట్ 2006లో అక్కడి తన 85 దుకాణాలను మెట్రో అనే జర్మన్ రిటైల్ సంస్థకు అప్పగించి వచ్చేసింది.

నాకు అన్నిటికన్నా భయం మారకపు విలువ గురించి. నీకది ఆర్థిక విభాగం చూసుకునే పనిలా కనిపించవచ్చు, కాని సరిహద్దు దగ్గర అది నేరుగా దుకాణంలోకి నడిచివస్తుంది. 2015 జనవరిలో స్విస్ కేంద్ర బ్యాంకు తమ ఫ్రాంకు మరీ ప్రియం కాకుండా యూరోకు 1.20 ఫ్రాంకులని పెట్టుకున్న హద్దును ఎత్తివేయగానే ఫ్రాంకు విలువ ఒక్కసారిగా పెరిగింది. జనం కార్లెక్కి జర్మనీకి వెళ్లి సరుకులు తెచ్చుకున్నారు, స్విస్ దుకాణదారులు ధరలు తగ్గించక తప్పలేదు. మీ దుకాణాలు సరిహద్దుకు రెండు వైపులా ఉంటాయి గనుక కొనేవాళ్లు ధరలు పోల్చి చూస్తారని ఇప్పుడే రాసిపెట్టుకో. రాజకీయాలు మన చేతిలో లేనివి. 2000లో మాస్కో శివారులో మొదటి దుకాణం తెరిచి, రెండు దశాబ్దాలు ఓపికగా కట్టుకున్న రష్యా వ్యాపారాన్ని ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 2022 మార్చిలో, ఐకియా నిలిపివేయవలసి వచ్చింది. అలాంటిదాన్ని ఎవరూ ముందుగా ఆపలేరు. ఒక్క దేశం మూతపడితే సంస్థ మొత్తం కూలిపోకుండా పెట్టుబడిని మట్టుగా ఉంచడం మాత్రం చేయవచ్చు.

నిన్ను భయపెట్టడానికే ఇదంతా రాస్తున్నానని అనుకోకు. ఇటో-యోకాదో అనే జపాను సంస్థ 1973లో అమెరికా సౌత్‌ల్యాండ్ సంస్థ నుంచి సెవెన్-ఇలెవెన్ అనే చిన్న దుకాణాల హక్కులు తెచ్చుకొని, మరుసటి ఏడు టోక్యోలో ఒక్క చిన్న దుకాణంతో మొదలుపెట్టింది. అదీ అప్పటికే నడుస్తున్న ఒక కుటుంబపు మద్యం దుకాణమే. అరలు చిన్నవి కాబట్టి సరుకును కొద్దికొద్దిగా, తరచుగా పంపే పద్ధతిని నేర్చుకున్నారు, ఏది ఎప్పుడు అమ్ముడవుతుందో కనిపెట్టి దాన్నిబట్టి తెప్పించుకున్నారు. 1990లో సౌత్‌ల్యాండ్ దివాలా రక్షణ కోరితే, 1991లో దాన్ని కొని నిలబెట్టింది ఈ జపాను సంస్థే. నువ్వు చదవవలసిన కథ ఇది.

మొదటి సంవత్సరంలోనే పదుల దుకాణాలు తెరుస్తామని మీ పెద్దల సభలో మాట ఇచ్చావట. ఎవరడిగారమ్మా నిన్ను? ఆ మాట వెనక్కి తీసుకోవడానికి సిగ్గుపడకు. ఒక్క దుకాణం చాలునని చెప్పు. అన్ని కాలాలూ, అన్ని పండగలూ దాని మీదుగా గడవనివ్వు. అల్మారాలు నిండుగా ఉంటున్నాయని నీ కళ్లతో చూశాక రెండోదాని గురించి మాట్లాడు. వాళ్లు కోప్పడతారు, పడనీ. చిన్నప్పటి నుంచీ ఒప్పుకున్న పని కోసం తిండి, నిద్ర మానేసే పిల్లవు నువ్వు. అందుకే నీకు ఇంత పెద్ద పని ఇచ్చారు, నా దిగులూ అందుకే.

లీజు ఒప్పందపు చిత్తుప్రతి చేతికి రాగానే నాకు పంపించు. గడువుకు ముందే ఖాళీ చేస్తే ఎంత కట్టాలి, మరొకరికి అప్పగించే హక్కు ఉందా, అద్దె ఏ కరెన్సీలో లెక్కిస్తారు అన్న మూడింటినీ నేను చదివి చూసేదాకా సంతకం పెట్టకు. అక్కడ ఉద్యోగంలోకి తీసుకునేవారి నియామక పత్రాల నమూనా కూడా జతచేయి.

నీ మేలు కోరే
పెద్దనాన్న