గట్టు దారిలో గేర్ల సైకిలు

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాదులో. ఈమధ్య మౌంటెన్ బైక్ కొన్నాను. సంక్రాంతికి దాన్ని ఇంటికి తెచ్చుకుని ఒక రోజంతా పాత ఊళ్ల మీదుగా చుట్టి రావాలని ఉంది. ఫ్రెండ్సేమో ‘మీ కోనసీమంతా బల్లపరుపు, ఆ సైకిలుకి అక్కడ పనేముంది, కొండల్లో మారేడుమిల్లి పో’ అంటున్నారు. నిజంగా మనవైపు కష్టమైన రూట్ లేదా?

జవాబు: ఉంది బాబూ. కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా నా సర్వీసంతా సైకిలు మీదే గడిచింది. రిటైరయ్యాక మా అబ్బాయి గేర్ల సైకిలు కొనిచ్చాడు, ఇప్పటికీ గట్లు వదల్లేదు. మనకి ఎక్కడానికి కొండ ఉండదు. బంకమట్టి ఉంటుంది, ఎదురుగాలి ఉంటుంది, రేవులో పంటు, అంటే ఏరు దాటించే పడవ, దాని టైము ఉంటుంది. ఈ మూడూ కలిస్తే ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చినవాడికైనా తొడలు పట్టేస్తాయి.

నేను చెప్పే చుట్టు ధవళేశ్వరంలో మొదలై అక్కడికే చేరుతుంది. వంద కిలోమీటర్లు దాటుతుంది. తెల్లారేసరికి బ్యారేజీ మీద ఉండాలి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చిందే ఈ బ్యారేజీ. దాని మీదుగా బొబ్బర్లంక చేరి ఎడమకి తిరిగితే మధ్య డెల్టా కాలువ గట్టు దొరుకుతుంది. పక్కనే తారు రోడ్డుంది, అటు పోవద్దు. నిజంగా పాత దారి ఈ గట్టే. లారీలు రాకముందు ధాన్యం, కొబ్బరి, మనుషులు అంతా పడవల్లోనే కదా వెళ్లేది. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు ఈ గట్టు మీద నడుస్తూ లాగేవారు. లొల్ల లాకుల (కాలువలో నీటిమట్టం మార్చి పడవల్ని దాటించే తలుపులు) దగ్గర దిగి అంచు రాయి మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. తాళ్లు ఒరిసి ఒరిసి పడిన గాడిలో బొటనవేలు చక్కగా కూర్చుంటుంది. ఆ గాడి చూసినప్పుడల్లా నాకు ఆ లాగినవాళ్ల భుజాలు గుర్తొస్తాయి.

ఇక అసలు కష్టం సంగతి. జనవరిలో దాళ్వా (రెండో పంట) నాట్లకి చేను బురదగా దున్నే దమ్ము ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. ఇనప చక్రాలతోనే గట్టెక్కుతాయి. ఆ చాళ్లు నాలుగు రోజులు ఎండితే రాయిలా గట్టిపడతాయి. ముందు చక్రం అందులో పడిందా, హ్యాండిల్ మన మాట వినదు. అక్కడ సీటు మీద కూర్చోకూడదు, పెడల్స్ మీద లేచి నిలబడి మోచేతులు వదులుగా పెట్టి పోనివ్వాలి. టైర్లలో గాలి రోడ్డు మీద కంటే కొంచెం తగ్గించుకోండి. తడి మట్టయితే ఇంకో బాధ. పోయినేడాది ర్యాలి దాటాక ఒక పుంతలోకి, అంటే చేల మధ్య మట్టి బాటలోకి దిగాను. ఎవరో చేనుకి నీళ్లు పెట్టి మడవ (నీళ్లు పారే గండి) సరిగా కట్టలేదు, పుంతంతా తడిసిపోయింది. ఇరవై గజాలు వెళ్లానో లేదో వెనక చక్రం తిరగడం మానేసింది. టైరుకీ ఫ్రేముకీ మధ్య బంకమట్టి అప్పచ్చిలా పట్టేసింది. నీళ్లు పోస్తే పోదు. పడి ఉన్న కొబ్బరి మట్ట చీల్చి, పుల్ల చేసి, అరగంట గోకాను. అప్పట్నుంచి నా సంచిలో ఆ పుల్ల ఉంటుంది. మీరూ ఒకటి పెట్టుకోండి. తడి పుంత కనబడితే తొక్కకండి, భుజాన వేసుకుని నడవండి. ఆ నడక కూడా ఈ రూట్లో భాగమే.

ర్యాలిలో ఆగాలి. నల్లరాతి విగ్రహం ముందు నుంచి కేశవస్వామి, వెనక్కి వెళ్తే జగన్మోహిని. ఆమె జడ చెక్కిన తీరు చూశాక కాసేపు మాట రాదు. రావులపాలెంలో ట్రాఫిక్ తప్ప ఏమీ లేదు, త్వరగా దాటేయండి. కొత్తపేట మీ ఊరివైపే, మీకు నేను చెప్పేదేముంది. పలివెలలో కొప్పున్న శివుడు కొప్పులింగేశ్వరుణ్ణి చూసుకుని, అయినవిల్లి మీదుగా ముక్తేశ్వరం రేవుకి పదకొండుకల్లా చేరాలి.

రేవులో తొందరపడకండి. పంటులో సైకిలుని అంచున ఆనించకుండా పట్టుకుని నిలబడండి. గోదావరి పాయ గౌతమి నడుమ రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి. అవతల కోటిపల్లి. కాకినాడ నుంచి ఇక్కడిదాకా 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీకి పట్టుకుపోతే 2004లో మళ్లీ వేశారు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు. అలాంటప్పుడు సాహసాలు చేయొద్దు. రావులపాలెం వెనక్కొచ్చి జొన్నాడ వంతెన మీద గోదావరి దాటండి.

చాలామంది ఈ చుట్టుని తిరగేసి, ముందు ద్రాక్షారామం వైపు వెళ్తారు. నేను ఒప్పుకోను. పొద్దున గాలి ఉండదు కాబట్టి గట్టు మీద కష్టమంతా అప్పుడే పడాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది. కోటిపల్లి నుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం, కడియం మీదుగా పైకి వస్తుంటే అది వీపున తోస్తుంది. తిరగేసి వెళ్లినవాడికి గట్టు మీద కష్టమంతా మధ్యాహ్నానికి మిగులుతుంది. ద్రాక్షారామంలో బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని లోపలికెళ్లండి. గర్భాలయం రెండంతస్తులు, భీమేశ్వరుడి పైభాగాన్ని మేడెక్కి చూడాలి. పొద్దుట్నుంచి పెడల్ కొట్టిన కాళ్లకి ఆ మెట్లు తెలుస్తాయి.

సంక్రాంతి మూడు రోజులూ మాత్రం వద్దు. రోడ్లన్నీ జనం. ముక్కనుమ దాటాక వెళ్లండి.

ప్రశ్న: మేం ముగ్గురు అమ్మాయిలం, మండపేటలో డిగ్రీ చదువుతున్నాం. మావి మామూలు లేడీస్ సైకిళ్లు. వీటితో గట్ల మీద వెళ్లొచ్చా? పంక్చరయితే ఎలాగని టెన్షన్.

జవాబు: వెళ్లొచ్చమ్మా. నా సర్వీసులో నాకూ గేర్లు లేవు. కాకపోతే మొత్తం చుట్టు ఒకేసారి వద్దు. ద్రాక్షారామం దాకా వెళ్లి రండి, మీకు దగ్గర. గట్టు మీద తుమ్మచెట్లున్న చోట దిగి నడిపించండి, పంక్చర్లన్నీ అక్కడే. ఒక ట్యూబు, చేతిపంపు, టైరు విప్పే లీవర్లు రెండు పెట్టుకోండి. ట్యూబు మార్చడం ముందే ఇంట్లో రెండుసార్లు చేసి చూడండి. దారిలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటే దాని మీంచి తొక్కకండి, దిగి పక్కనుంచి రండి. లాకుల దగ్గర లస్కరు, అంటే కాలువ చూసుకునే మనిషి, ఉంటే పలకరించండి. ఏ గట్టు తెగింది, ఏ పుంత తడిగా ఉంది, ఫోన్లో మ్యాపు చెప్పలేనిది ఆయన చెబుతాడు.