ఎన్నారై సందేహాలు: పిల్లల క్లినిక్ పంపే సమాచారంలో దేన్ని ముందు చదవాలి?

ప్రశ్న: మేము ఇటీవలే గుంటూరు నుంచి టెక్సాస్‌లోని ప్లేనోకు వచ్చాము. బాబుకు అయిదేళ్లు, పాపకు ఏడు నెలలు. ఇక్కడి పిల్లల క్లినిక్ నుంచి ఫోనుకు సందేశాలు, ఈమెయిళ్లు, వెళ్లిన ప్రతిసారీ కాగితాలు వస్తూనే ఉన్నాయి. మన ఊళ్లో డాక్టరుగారికి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఇక్కడ ఇవన్నీ చదవాలా? టీకాల కార్డు చూసి బాబుకు కొన్ని టీకాలు మళ్లీ వేయాలంటున్నారు. అది అవసరమేనా?

జవాబు: మీరు రెండో ప్రశ్నగా అడిగినదే ముందు తేలాలి, ఎందుకంటే బాబు కిండర్‌గార్టెన్ ప్రవేశం దాని మీదే ఆధారపడి ఉంటుంది. టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరే పిల్లలకు మీజిల్స్, మంప్స్, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎమ్మెమ్మార్ టీకా రెండు మోతాదులు, ఆటలమ్మ టీకా రెండు, హెపటైటిస్ ఏ రెండు పడి ఉండాలి. మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో తొమ్మిదో నెలలో మీజిల్స్–రుబెల్లా టీకా వేస్తారు. ఇక్కడ మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన మోతాదును లెక్కలోకి తీసుకోరు, పైగా ఆ టీకాలో మంప్స్ భాగం ఉండదు. ఆటలమ్మ, హెపటైటిస్ ఏ టీకాలు మన ప్రభుత్వ కార్యక్రమంలో లేవు కనుక, ప్రైవేటు ఆసుపత్రిలో విడిగా వేయించి ఉంటే తప్ప అవి మీ కార్డులో కనిపించవు. పోలియో చుక్కల విషయం మరీ ఆశ్చర్యంగా ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా చుక్కల మందును మూడు రకాల వైరస్‌ల నుంచి రెండు రకాలకు మార్చారు. ఆ తరువాత వేసిన చుక్కలను అమెరికా లెక్కించదు, సూదిమందుగా వేసిన పోలియో టీకా కావాలంటుంది. మీ బాబు ఆ తరువాతే పుట్టాడు కనుక, పల్స్ పోలియో ఆదివారాల్లో మీరు ఎన్నిసార్లు చుక్కలు వేయించినా ఇక్కడి లెక్కకు అవి రావు.

అందుచేత క్లినిక్ వారు అడిగింది అనుమానంతో కాదు, మీ కార్డు మీద నమ్మకం లేక కూడా కాదు. అదనపు మోతాదు వల్ల సాధారణంగా హాని ఉండదు. అయినా మళ్లీ సూది గుచ్చడం మీకు ఇష్టం లేకపోతే, కొన్ని వ్యాధుల విషయంలో రక్తపరీక్ష చేసి రోగనిరోధక శక్తి ఇప్పటికే ఉందని చూపించే వీలు ఉంది, ఏయే వ్యాధులకు అది చెల్లుతుందో నర్సును అడగండి. ఎమ్మెమ్మార్, ఆటలమ్మ టీకాలను ఒకే రోజు వేయాలి, లేదా రెండింటికీ మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. "ఇవాళ ఒకటి, వచ్చే వారం ఇంకొకటి" అని మనం కోరితే వారు ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

కార్డు చూపేటప్పుడు తేదీల సంగతి మీరే ముందుగా చెప్పాలి. మనం 05-07-2021 అని రాస్తే అది జూలై అయిదు, ఇక్కడివారు దాన్ని మే ఏడుగా చదువుతారు. రెండు నెలల తేడాతో ఒక మోతాదు పుట్టినరోజుకు ముందుకు జరిగిపోయి చెల్లకుండా పోవచ్చు. నెల పేరును అక్షరాల్లో రాసి, టీకాల బ్రాండ్ పేర్ల పక్కన అవి ఏ వ్యాధికో ఇంగ్లీషులో రాసి, ఒక ప్రతి తయారు చేసుకోండి. ఆంధ్రలో వేసినవారి సంతకం, ముద్ర కార్డు మీద లేకపోతే, అక్కడి బంధువుల ద్వారా ఆసుపత్రి నుంచి మళ్లీ తెప్పించుకోవడం మంచిది. టెక్సాస్ రాష్ట్రానికి ఇమ్‌ట్రాక్2 అనే టీకాల రిజిస్ట్రీ ఉంది. అందులో పిల్లల వివరాలు చేరాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలి. అంగీకార పత్రం ఇచ్చారంటే రేపు మీరు ప్లేనో నుంచి హ్యూస్టన్‌కు మారినా కొత్త క్లినిక్ వారు ఆ వివరాలను అక్కడే చూడగలరు. క్లినిక్‌లో ఇచ్చే కాగితాల కట్టలో ఈ పత్రం తరచుగా అడుగున ఉంటుంది, చాలామంది చూడకుండానే పక్కన పెడతారు.

బీసీజీ మచ్చ గురించి ఒక మాట. పిల్లలకు క్షయ పరీక్ష చర్మం మీద చేస్తే, బీసీజీ టీకా ప్రభావం వల్ల లేని వ్యాధి ఉన్నట్టు కనిపించవచ్చు. బాబుకు బీసీజీ వేశారని చెప్పి, రక్తపరీక్ష చేయగలరా అని అడగండి. రెండేళ్లు దాటిన పిల్లలకు ఇక్కడ సాధారణంగా దానికే మొగ్గు చూపుతారు.

ఇక కాగితాల సంగతి. ప్రతి టీకాకు ముందు ఇచ్చే సమాచార పత్రం 1986 నాటి ఒక ఫెడరల్ చట్టం ప్రకారం ఇవ్వవలసినది. దానిలో ఆ టీకా ఏ వ్యాధికి, ఎవరు వేయించుకోకూడదు, వేశాక ఏ లక్షణాలు మామూలు, ఏవి కనిపిస్తే వెంటనే పిలవాలి అన్నవి ఉంటాయి. చివరి భాగం ఒక్కటి చదివినా రాత్రి జ్వరం వచ్చినప్పుడు కంగారు సగం తగ్గుతుంది. సందర్శన ముగిశాక ఇచ్చే సారాంశ పత్రంలో బరువు, పొడవు, వాటి పర్సంటైల్ (అదే వయసు పిల్లల్లో నూటికి ఎంతమంది కంటే ఎక్కువో చెప్పే అంకె), మందు మోతాదు, తరువాతి సందర్శన తేదీ ఉంటాయి. పర్సంటైల్ చూసి మన తల్లులు బెంగపడటం నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. పదిహేనో పర్సంటైల్ అంటే పరీక్షలో పదిహేను మార్కులు వచ్చినట్టు కాదు. పిల్ల తన గీత వెంట తాను పెరుగుతోందా, ఒక్కసారిగా కిందికి జారిందా అన్నదే డాక్టరు చూస్తారు.

పాపకు ఇక్కడి లెక్కలో తొమ్మిది, పన్నెండు, పదిహేను, పద్దెనిమిది నెలలకు, రెండేళ్లకు, రెండున్నర ఏళ్లకు, మూడేళ్ల నుంచి ఏటా ఒకసారి చొప్పున ఆరోగ్య సందర్శనలు ఉంటాయి. పిల్ల బాగానే ఉంది కదా అని మనవారు వీటిని మానేస్తారు. పిల్ల బాగున్నప్పుడే చూడడం వీటి ఉద్దేశం. చాలా ఇన్సూరెన్సులలో, నెట్‌వర్క్‌లోని, అంటే ఆ ఇన్సూరెన్సు జాబితాలో ఉన్న డాక్టరు దగ్గర, ఈ సందర్శనకు కోపే, అంటే మన చేతి నుంచి కట్టే రుసుము ఉండదు. అయితే అదే రోజు ఇంకో జబ్బును కూడా చూపిస్తే విడిగా బిల్లు రావచ్చు. సందర్శనకు ముందు ఫోనుకు వచ్చే ప్రశ్నావళిని అలక్ష్యం చేయకండి. పద్దెనిమిది నెలలకు, రెండేళ్లకు ఆటిజం లక్షణాల ప్రశ్నలు ఉంటాయి. పిల్ల పుట్టిన కొత్తలో తల్లి మనసు ఎలా ఉందో అడిగే ప్రశ్నలు కూడా ఉంటాయి. మొహమాటంతో అన్నిటికీ "బాగానే ఉంది" అని టిక్కు పెడితే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు.

క్లినిక్ మీకు చెప్పేదాని కంటే మీరు క్లినిక్‌కు చెప్పవలసినది కొన్ని విషయాల్లో ఎక్కువ. ఏడాది వయసు ప్రాంతంలో సీసం గురించి ప్రశ్నలు అడిగి, అవసరమైతే రక్తపరీక్ష చేస్తారు. పాత ఇళ్ల రంగుల గురించే అడుగుతున్నారని మనం లేదని చెప్పేస్తాం. మన ఇళ్లలో కాటుక, కుంకుమ, విడిగా కొన్న పసుపు, నాటు మందులు, కొన్ని పాత ఇత్తడి, మట్టి పాత్రలు సీసానికి మూలాలు కావచ్చు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో రక్తంలో సీసానికి సూచన స్థాయిని డెసీలీటరుకు 3.5 మైక్రోగ్రాములకు తగ్గించింది. పాపకు కాటుక పెడుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నాలుకకు తేనె రాయడం, ఉగ్గులో తేనె కలపడం ఏడాది నిండేవరకు పూర్తిగా మానాలి. అందులో ఉండగల బాక్టీరియా వల్ల పసిపిల్లలకు బోట్యులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు రావచ్చు. వస, గ్రైప్ వాటర్ వంటివి వాడుతుంటే వాటి పేర్లు కూడా చెప్పండి.

సామానులో తెచ్చుకున్న జ్వరం సిరప్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఇక్కడి పిల్లల టైలెనాల్ మన పారాసిటమాలే, 5 మి.లీ.లో 160 మి.గ్రా. ఉంటుంది. మన దేశపు సిరప్‌లలో 5 మి.లీ.కు 120, 125, 250 మి.గ్రా. వంటి బలాలు ఉన్నాయి, చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది. క్లినిక్ ఇచ్చే మోతాదు పట్టికలో పిల్ల బరువు పౌండ్లలో ఉంటుంది, మందు ఇక్కడి బలం ప్రకారం ఉంటుంది. ఆ పట్టికతో మన సీసా కలిపితే మోతాదు తప్పుతుంది. ఇక్కడి సీసా కొని, దానితో వచ్చే సిరంజీతోనే కొలవండి. ఐబుప్రొఫెన్ ఆరు నెలలలోపు పిల్లలకు డాక్టరు చెప్పనిదే వేయకూడదు. జలుబు, దగ్గు సిరప్‌లపై నాలుగేళ్లలోపు పిల్లలకు వాడవద్దని ఇక్కడి సీసాల మీదే రాసి ఉంటుంది, అందువల్ల "ఏదైనా రాసివ్వండి" అని డాక్టరును అడిగి లాభం లేదు. పిల్ల ఏదైనా మింగిందని అనుమానం వస్తే 1-800-222-1222కు ఫోన్ చేయండి. అది దేశమంతటికీ ఒకే విష నియంత్రణ కేంద్రం నంబరు, ఏ గంటకైనా పలుకుతారు, ఉచితం. పిల్లకు స్పృహ లేకపోయినా, ఊపిరి కష్టమైనా మొదట 911.

జ్వరం గురించి మీరు ఫ్రిజ్ మీద అంటించుకోవలసిన నియమం ఒకటుంది. మూడు నెలలలోపు పసిబిడ్డకు 100.4 ఫారన్‌హీట్ తాకితే, పగలైనా అర్ధరాత్రయినా వెంటనే క్లినిక్‌కు ఫోన్ చేయాలి. మందు వేసి తెల్లవారే వరకు చూడకూడదు. మీ పాప ఆ వయసు దాటింది. కానీ రేపు మీ తోటివారి ఇంట్లో పుట్టే పిల్లకు ఈ మాట మీరే చెప్పవలసి రావచ్చు. క్లినిక్ మూసి ఉన్నప్పుడు అదే నంబరుకు ఫోన్ చేస్తే సాధారణంగా నర్స్ లైన్‌కో, డ్యూటీలో ఉన్న డాక్టరుకో కలుపుతారు. పోర్టల్‌లో, అంటే క్లినిక్ వెబ్‌సైట్‌లోని మీ ఖాతాలో, రాసే సందేశాలకు జవాబు ఒకటి రెండు పనిదినాల్లో వస్తుంది కనుక, అత్యవసరాన్ని అందులో రాయకూడదు. పరీక్షల ఫలితాలు డాక్టరు చూడకముందే పోర్టల్‌లో కనిపించడం మామూలే. ఎర్ర గుర్తు చూసి ఇంటర్నెట్‌లో వెతకకుండా ఒక పూట ఆగండి.

అపార్ట్‌మెంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులు మంచి కూరగాయల కొట్టును చెబుతాయి, టీకాల విషయంలో మాత్రం వాటిని నమ్మవద్దని నా అభిప్రాయం. 2025 నుంచి ఫెడరల్ ప్రభుత్వ సిఫారసులకూ, పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫారసులకూ కొన్ని టీకాల విషయంలో తేడాలు వచ్చాయి. మీ క్లినిక్ వేటిని అనుసరిస్తోందో, ఎందుకో డాక్టరునే అడగండి.

ఇంగ్లీషులో తడబడతామని భయపడవద్దు. ఫెడరల్ ప్రభుత్వ నిధులు అందుకునే క్లినిక్‌లలో ఉచితంగా దుబాసీని అడిగే హక్కు ఫెడరల్ చట్టం ఇస్తుంది, తెలుగులో ఫోన్ ద్వారా చాలాచోట్ల ఏర్పాటు చేస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పండి, అయిదేళ్ల బాబు చేత మాత్రం మాట్లాడించకండి. పిల్లల తాతయ్య, అమ్మమ్మ వచ్చినప్పుడు వారు పాపను క్లినిక్‌కు తీసుకెళ్లాలంటే, మీరు ముందే సంతకం చేసిన అనుమతి పత్రం అక్కడ ఉండాలి. లేదంటే టీకా వేయకుండా తిప్పి పంపవచ్చు.

ఇండియాకు వెళ్లే టికెట్టు కొన్న వారమే, లేదా ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు, పోర్టల్‌లో ఆ సంగతి రాయండి. పాప వయసులో, అంటే ఆరు నుంచి పదకొండు నెలల మధ్య విదేశ ప్రయాణం ఉంటే ఎమ్మెమ్మార్ ఒక మోతాదును ముందుగానే వేస్తారు, అది లెక్కలోకి రాదు కనుక ఏడాది నిండాక మళ్లీ రెండు వేయించాలి. హెపటైటిస్ ఏ కూడా ఆరు నెలల నుంచి ప్రయాణానికి వేస్తారు. టైఫాయిడ్ సూదిమందు రెండేళ్లు నిండాకే కనుక ఇప్పుడు బాబుకు మాత్రమే వర్తిస్తుంది. మలేరియా మందు ఏ జిల్లాకు వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది, అందువల్ల "ఇండియా" అని మాత్రమే రాయకుండా గుంటూరు అనీ, మధ్యలో పాడేరు ఏజెన్సీకి వెళ్లే ఆలోచన ఉంటే అదీ రాయండి.