ఎన్నారై సందేహాలు: అరబ్బులతో ఒకే పళ్ళెంలో తింటే చిగుళ్ళ జబ్బు అంటుకుంటుందా?

ప్రశ్న: మాది రాజంపేట దగ్గర పల్లె. ఈ మధ్యే కువైట్ వచ్చి ఒక అరబ్బు కుటుంబంలో డ్రైవరుగా చేరాను. శుక్రవారం మధ్యాహ్నం యజమాని, ఆయన అన్నదమ్ములు పెద్ద పళ్ళెంలో మజ్బూస్ (మాంసంతో వండిన అన్నం) పెట్టుకుని నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుంటారు. అరబ్బు పెద్దవాళ్ళ నోళ్ళలో చిగుళ్ళ జబ్బు తెచ్చే సూక్ష్మక్రిములు చాలా ఎక్కువని మా గదిలో ఒకరు చెప్పారు. నాకు పళ్ళు తోముకునేటప్పుడు నెత్తురు వస్తోంది. వాళ్ళ దగ్గరే అంటుకుందా? కలిసి తినడం మానెయ్యాలా?

జవాబు: మానెయ్యకండి. పనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తన పళ్ళెంలో తినమనే యజమాని అందరికీ దొరకడు. మీరు వచ్చి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. చిగుళ్ళ జబ్బు నెలల తరబడి, ఏళ్ళ తరబడి ముదిరేది. మీ నెత్తురుకు కారణం ఊరి నుంచి మీతోనే వచ్చి ఉంటుంది.

గదిలో విన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని సగం నిజం మనుషుల మధ్య దూరం పెంచుతుంది కాబట్టి మిగతా సగం కూడా తెలుసుకోండి. చిగుళ్ళ జబ్బు విషయంలో వైద్యులు ముఖ్యంగా మూడు బ్యాక్టీరియాల పేర్లు చెబుతారు: పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానరెల్లా ఫోర్సైథియా, ట్రెపొనీమా డెంటికోలా. ముదిరిన జబ్బులో ఈ మూడూ కలిసి కనిపిస్తాయని 1998లో అమెరికా శాస్త్రవేత్త సొక్రాన్‌స్కీ బృందం చూపించింది. అరబ్ దేశాల్లో పెద్దవాళ్ళ నోళ్ళు పరీక్షిస్తే ఇవి విస్తారంగా కనిపించే మాట నిజమే. కడపలో పరీక్షించినా, కరీంనగర్‌లో పరీక్షించినా కనిపించేవి ఇవే. చిగుళ్ళు బాగున్నవారిలో కూడా కొందరికి ఉంటాయి. జబ్బు ఉన్నవారిలో ఎక్కువ మందికి, ఎక్కువ మోతాదులో ఉంటాయి. అంటే క్రిమి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ళ జబ్బు ఉన్నవారు ప్రపంచం మొత్తం మీద 100 కోట్లకు పైమాటే. దీన్ని ఒక జాతి తలకు చుట్టడం తప్పు.

పైగా అరబ్బులు అంటే అందరూ ఒకటి కాదు. అరబ్ లీగ్‌లో 22 దేశాలున్నాయి. వాటిలో నిజంగా ప్రత్యేకంగా చెప్పుకోవలసింది మొరాకో సంగతి. అగ్రిగేటిబ్యాక్టర్ అనే మరో బ్యాక్టీరియాలో జేపీ2 అనే రకం ఒకటుంది. మన తెల్ల రక్తకణాలను చంపే విషాన్ని అది మామూలు రకాల కన్నా చాలా ఎక్కువగా తయారు చేస్తుంది. ఉత్తర, పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న వారిలోనే ఇది ప్రధానంగా కనిపిస్తుంది. మొరాకో రాజధాని రబాత్‌లో బడి పిల్లలను రెండేళ్ళ పాటు గమనించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఈ రకం నోట్లో ఉన్న పిల్లలకు పంటిని పట్టి ఉంచే కణజాలం దెబ్బతినే ముప్పు, ఈ బ్యాక్టీరియా ఏ రకమూ లేనివారి కన్నా 18 రెట్లు ఎక్కువగా తేలింది. అది గంభీరమైన విషయం. అయితే అది అక్కడి కౌమార వయసు పిల్లల సంగతి. దాన్ని తెచ్చి కువైట్‌లో మీ యజమాని ఇంటికి అంటగట్టడానికి లేదు.

గల్ఫ్‌లో చిగుళ్ళను పాడు చేస్తున్న వాటిలో చక్కెర జబ్బు ముఖ్యమైనది. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 లెక్కల్లో కువైట్ పెద్దవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి మధుమేహం ఉంది. ప్రపంచంలోనే అత్యధిక స్థాయి ఉన్న దేశాల్లో కువైట్ ఒకటి. రక్తంలో చక్కెర అదుపు తప్పితే చిగుళ్ళు క్రిములను ఎదుర్కొనే శక్తి కోల్పోతాయి. చిగుళ్ళ వాపు చక్కెర అదుపును ఇంకా చెడగొడుతుంది. ఒకదాన్ని ఒకటి పెంచే జబ్బులివి. చిగుళ్ళకు సరిగ్గా చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గడచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్త పరీక్ష) సగటున 0.4 శాతం పాయింట్లు తగ్గుతుందని చాలా పరీక్షలను కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. ఇది మనకూ పూర్తిగా వర్తిస్తుంది. తెలుగువారిలో షుగర్ తక్కువేమీ కాదు. ఇక్కడికి వచ్చాక రాత్రి పూట ఆలస్యంగా అన్నం, రోజంతా చక్కెర నిండిన టీ, పెద్దగా నడక లేని డ్రైవింగ్ ఉద్యోగం తోడవుతాయి. మీకు ముప్ఫై దాటి ఉంటే, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే, పళ్ళ డాక్టరు కన్నా ముందే రక్త పరీక్ష చేయించుకోండి.

అంటుకోవడం గురించి అడిగారు. ఈ క్రిములు ఉమ్మి ద్వారానే ఒకరి నుంచి ఒకరికి చేరతాయి. భార్యాభర్తల మధ్య, తల్లి నుంచి బిడ్డకు, ఏళ్ళ తరబడి దగ్గరగా మెలిగే వారి మధ్య ఒకే రకం బ్యాక్టీరియా కనిపించిన సందర్భాలున్నాయి. పళ్ళెంలో మీ వైపున్న అన్నం మీ చేత్తో మీరు తింటే వచ్చే ముప్పు లెక్కలోకి రాదు. గదిలో ఒకరి బ్రష్ మరొకరు వాడడం మాత్రం ఏ కారణం చేతనైనా వద్దు.

ఈ క్రిములకు గాలి పడదు. అందుకే పంటికీ చిగురుకూ మధ్య ఉన్న సందులో లోపలికి చేరతాయి. ఆరోగ్యమైన నోట్లో ఆ సందు లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పాచి గట్టిపడి గారగా మారితే చిగురు వాచి, సందు లోతవుతుంది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్‌కు కావలసిన ఇనుము ఆ కారే నెత్తురులోనే దొరుకుతుంది. మీ నెత్తురే దానికి మేత అన్నమాట. ఆరు మిల్లీమీటర్లు దాటితే బ్రష్ అక్కడికి చేరే ప్రశ్నే లేదు, లోపల ఎముక కరుగుతూ పోతుంది. నొప్పి మాత్రం ఉండదు. పిప్పి పన్ను నిద్ర పోనివ్వదు కాబట్టి డాక్టరు దగ్గరికి పరిగెడతాం. చిగుళ్ళ జబ్బు పన్ను కదిలేదాకా తెలియనివ్వదు. సిగరెట్ తాగేవారికి నెత్తురు కూడా తక్కువగా కనబడుతుంది, జబ్బు మాత్రం ఎక్కువగా ఉంటుంది. షీషా (హుక్కా) తాగితే నీళ్ళలో వడపోత జరిగి మేలని అనుకోవద్దు, అదీ పొగాకే.

గార గీకిస్తే పళ్ళు కదులుతాయన్న భయం మనవాళ్ళలో చాలామందికి ఉంది. ఈ అపోహ వల్ల గట్టి పళ్ళు పోగొట్టుకున్నవారిని ఇక్కడ ఎందరినో చూశాను, ఇప్పటికీ చూస్తున్నాను, చాలా బాధగా ఉంటుంది. పదో శతాబ్దంలోనే అరబ్బు వైద్యుడు అల్ జహ్రావీ పళ్ళ గార వల్ల చిగుళ్ళు పాడవుతాయని రాసి, గీకే పనిముట్ల బొమ్మలు గీసి, ఒక్కసారికి శుభ్రం కాకపోతే మళ్ళీ మళ్ళీ గీకమన్నాడు. అరబ్బుల నోళ్ళు చెడ్డవని చెప్పిన మీ గది మిత్రుడికి ఈ సంగతి చెప్పండి. మసీదుల బయట అమ్మే మిస్వాక్ పుల్ల కూడా మంచిదే. క్రిములను అణచే గుణం దానికుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన వేపపుల్ల లాగే మెత్తగా నమిలి, చిగురు నుంచి పంటి వైపుకు తోమాలి. అడ్డంగా గట్టిగా రుద్దితే చిగురు కిందికి జారుతుంది.

మీరు చేయవలసింది ఇది. రోజుకు రెండు పూటలా మెత్తటి బ్రష్‌తో చిగుళ్ళ అంచు దాకా తోమండి, పళ్ళ మధ్య దారంతో గాని చిన్న బ్రష్‌తో గాని శుభ్రం చేయండి. నెత్తురు వస్తోందని తోమడం ఆపకండి. రెండు వారాల్లో తగ్గకపోతే పళ్ళ క్లినిక్‌కి వెళ్ళి 'తన్‌జీఫ్ అస్నాన్' అని అడగండి, అరబీలో పళ్ళు శుభ్రం చేయడమని దాని అర్థం. సందుల లోతు కొలవమని కూడా అడగండి. ఏ క్రిమి ఉందో తేల్చే ఖరీదైన పరీక్ష మామూలుగా అవసరం లేదు, చికిత్స అందరికీ దాదాపు ఒకటే. శుభ్రం చేశాక కూడా కొన్ని నెలల్లో క్రిములు తిరిగి చేరతాయి. జబ్బు ఉన్నవారు మూడు నుంచి ఆరు నెలలకోసారి వెళ్ళాలి. సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి చేయించుకుంటే సరిపోదు. మీ ఇన్సూరెన్స్‌లో పళ్ళ వైద్యం ఉందో లేదో ముందే చూసుకోండి, చాలా చవక పాలసీల్లో ఉండదు.

మందుల విషయంలో ఒక గట్టి హెచ్చరిక. పంటి నొప్పికని ఊరి నుంచి మాత్రలు తెప్పించుకునేటప్పుడు వాటిలో ట్రమడాల్, కోడీన్ లేవని నిర్ధారించుకోండి. గల్ఫ్ దేశాల్లో అవి నియంత్రిత మందులు. సరైన కాగితాలు లేకుండా విమానాశ్రయంలో దొరికితే జైలు దాకా వెళ్ళవచ్చు. వాటిని మోసుకొచ్చే స్నేహితుడికీ అదే ప్రమాదం. యాంటీబయాటిక్ కూడా డాక్టరు రాస్తేనే వాడండి. గార అలాగే ఉంచి మాత్రలు మింగితే జబ్బు పోదు.

పన్ను కదులుతున్నా, చిగురు నుంచి చీము వస్తున్నా రెండు వారాలు ఆగకుండా వెంటనే వెళ్ళండి. రమదాన్ నెలలో క్లినిక్‌ల వేళలు మారతాయి, కొన్నిచోట్ల ఇఫ్తార్ తర్వాతే తెరుస్తారు. ఫోను చేసి కనుక్కుని బయల్దేరండి.