లాఫ్ట్‌లో చెమ్మ గురించి అమ్మలుకి

అమ్మలూ,

లాఫ్ట్‌లో, అంటే సీలింగ్‌కీ పెంకుల కప్పుకీ మధ్య ఖాళీలో, పెంకుల కింద పరిచిన నల్ల ఫెల్టు అడుగున నీటి చుక్కలు, మేకుల మొనల మీద తెల్లటి మంచు కనిపించాయన్నావు. పెంకులు కారుతున్నాయని కప్పంతా మార్పించడానికి అప్పుడే ఒప్పుకోకు తల్లీ. వానలేని చలి రోజుల్లో కూడా చుక్కలుంటే అది చాలావరకు మీ ఇంట్లోంచి పైకెక్కిన ఆవిరే. అన్నం గిన్నె మూతకి నీరు పట్టినట్టు చల్లటి ఫెల్టుకి పడుతోంది. పోయిన ఏడాది సీలింగ్ మీద ఇన్సులేషన్ (వేడిని పైకి పోనివ్వని మెత్తటి పొర) 270 మిల్లీమీటర్లకి పెంచారు కదా, దాంతో గదులు వెచ్చబడ్డాయి, లాఫ్ట్ ఇంకా చల్లబడింది. ఇంగ్లాండులో మీ లెస్టర్ చలికాలంలో బట్టలు గది వెచ్చబెట్టే రేడియేటర్ల మీద ఆరేస్తే ఆ తేమ ఎటు పోతుంది చెప్పు?

ముందు సీలింగ్ చూడండి. లాఫ్ట్ తలుపు చుట్టూ గాలి దూరకుండా ఆపే పట్టీ అంటించండి, పైపుల పక్కన సందులు మూయించండి. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం బయటిదాకా వెళ్తోందా, లాఫ్ట్‌లోనే వదిలేశారా? ఇది చాలా ఇళ్లలో చూశాను, నాకు ఒళ్లు మండేది దీనికే.

తర్వాత చూరు. ఇన్సులేషన్‌ని అక్కడిదాకా కుక్కేసి గాలి దారి మూసేసి ఉంటారు. వాసాల మధ్య ఇన్సులేషన్‌ని వెనక్కి ఆపే ట్రేలు పెట్టి గాలికి దారి చేయించండి. ఇలాంటి ఫెల్టు కప్పుకి రెండు వైపులా చూరు పొడవునా 10 మిల్లీమీటర్ల సందుకు సమానమైన గాలి దారి ఉండాలి. ఫెల్టు అతుకుల మధ్య దూర్చే, గాలి ఆడనిచ్చే వెంట్‌లు కూడా దొరుకుతాయి, పెంకులు విప్పక్కర్లేదు.

ఎప్పుడో పెంకులు మార్చాల్సి వస్తే అప్పుడు ఫెల్టు బదులు ఆవిరిని బయటికి వదిలే బ్రీతబుల్ మెంబ్రేన్ వేయించండి, మంచిదే. కానీ "అది వేస్తే వెంట్‌లు అక్కర్లేదు" అంటే నమ్మకు. అది ఆవిరిని నెమ్మదిగా వదులుతుంది, ఒక్కసారిగా ఎక్కువొస్తే తట్టుకోలేదు. ఇళ్లలో తేమ గురించిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5250 కూడా దానికి కొంత గాలి దారి అడుగుతుంది. మీ లాఫ్ట్‌లో గబ్బిలాలుంటే మాత్రం ఆ మెంబ్రేన్ వద్దు. దాని పోగుల్లో వాటి గోళ్లు చిక్కుకుని చచ్చిపోతాయి. అక్కడి చట్టం వాటిని కాపాడుతుంది కూడా, కప్పు ముట్టుకునే ముందే అడిగి తెలుసుకోండి.

ఈ ఆదివారం పగటిపూట లాఫ్ట్ ఎక్కి, లైటు ఆపి, చూరు వైపు వెలుతురు కనిపిస్తోందేమో చూసి ఫొటో పంపు. అడుగు దూలాల మీదే వెయ్యి, మధ్యలో సీలింగ్‌కి కొట్టిన పల్చటి ప్లాస్టర్‌బోర్డు నిన్ను మోయదు.

మీ పెదనాన్న